జీతము లేని పని: సుసన్నా వెస్లీ అమ్మగారి జీవితము

చదువవలసిన వాక్యభాగము: 2 రాజులు 4:1-7



సంఘపు పుస్తకములో కుటుంబముల వివరములు వ్రాయునప్పుడు ప్రతి పేరు ప్రక్కన వృత్తి అను గడి యొకటి యుండును. మేము బోరంచలోను చుట్టుప్రక్కల పల్లెలలోను ఇల్లిల్లు దర్శించి ఆ పుస్తకమును నింపితిమి. పురుషుని పేరు ప్రక్కన వ్యవసాయమనియు, కూలి అనియు, డ్రైవరనియు వ్రాసితిమి. ఇంటిపట్టున నుండి బిడ్డలను పెంచుచున్న తల్లి పేరు ప్రక్కన మాత్రము చిన్న గీత గీసి విడిచితిమి. ఒక సహోదరిని ఏమి పని చేయుచున్నారని అడుగగా, తానేమియు చేయుట లేదనియు, ఇంటిలోనే యుందుననియు సిగ్గుపడుచు చెప్పెను. ఆ గడియలో పొయ్యిమీద జొన్నరొట్టె కాలుచుండెను, ఆమె చంకలో బిడ్డ యుండెను, గడప దగ్గర మరియొక బిడ్డ పలక పట్టుకొని ఆమె కొరకు కనిపెట్టుచుండెను. మేము ఆమె పేరు ప్రక్కన కూడ గీతయే గీసితిమి.

ఇంటికి వచ్చి పుస్తకము తెరచినప్పుడు ఆ గీతలు మమ్మును గద్దించెను. అప్పుడు మాకు జ్ఞాపకమునకు వచ్చిన తల్లి సుసన్నా వెస్లీ అమ్మగారు. ఆమె జీవితకాలమంతయు ఒక్క రూపాయి జీతము తెచ్చినది కాదు. అయినను ఆమె ఇంటిలో చేసిన పని ఫలము మన పల్లెల వరకు వచ్చినది. మన మెదకు ప్రాంతమునకు సువార్త తెచ్చినవారు వెస్లియను మెతడిస్టు మిషనువారు. పాస్నెట్ దొరగారి కాలమున కట్టబడి 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయము వారి సేవకు గురుతు. 1947లో మన సంఘములు దక్షిణ ఇండియా సంఘములో ఐక్యమైనవి. ఆ వెస్లియను అను పేరు ఈ తల్లి కుమారుల వలన వచ్చినదే. కావున ఆమె మనకు పరాయిది కాదు.

సుసన్నా 1669 జనవరి 20న లండను నగరములో పుట్టెను. ఆమె తండ్రి సామ్యూల్ ఆన్స్‌లీ గొప్ప బోధకుడు. 1662లో ప్రభుత్వము చేసిన శాసనమునకు మనస్సాక్షి ఒప్పుకొననందున తన పదవిని పోగొట్టుకొనిన వారిలో ఆయన యొకడు. ఆయన సంతానము 25 మంది అనియు, సుసన్నా వారిలో కడసారి బిడ్డ అనియు చెప్పుదురు. ఆ కాలమున ఆడపిల్లలకు కళాశాల చదువు లేదు. అయినను ఆమె తండ్రి యింటనే పుస్తకములు చదివి, ఏ సంగతినైనను తానే ఆలోచించి తేల్చుకొను అలవాటు నేర్చుకొనెను. పదమూడేండ్ల ప్రాయమప్పుడే తండ్రి సంఘమును విడిచి ఇంగ్లండు సంఘములో చేరెను. తండ్రి ఆమెను త్రోసివేయలేదు.

1688 నవంబరులో ఆమె సామ్యూల్ వెస్లీ అనువానిని వివాహమాడెను. ఆయన పండితుడు, కవి, తరువాత సంఘ గురువు. 1691లో సౌత్ ఆర్మ్స్‌బీ అను చిన్న ఊరిలో పని దొరకగా ఏటికి సుమారు 50 పౌనులు వచ్చెడివి. 1697 ప్రాంతమున లింకన్‌షైరు సీమలోని ఎప్‌వర్త్ గ్రామమునకు మారిరి. అక్కడి రాబడి లెక్కకు ఏటికి సుమారు 200 పౌనులు. వినుటకు అది మంచి రాబడియే. అయినను ఆ యింట ఎన్నడును అప్పు తీరలేదు.

ఏల తీరలేదు? ఈ సంగతి మనము దాచకుండ చెప్పుకొనవలెను. సుసన్నా 19 మంది బిడ్డలను కనెను. వారిలో తొమ్మిదిమంది పసితనముననే చనిపోగా, పదిమంది బ్రదికిరి: ముగ్గురు కుమారులు, ఏడుగురు కుమార్తెలు. తినువారు అనేకులు, తెచ్చువాడు ఒక్కడు. ఆయన క్రొత్త యింటికి వచ్చుటకే అప్పు చేసెను. సేద్యము తెలియకయే గురుత్వపు భూమిని తానే సాగుచేయ బూని నష్టపడెను. ముసలి తల్లిని పోషించెను, అది మంచిదే. గాని సంఘసభల కొరకు లండనుకు పోయి నెలల తరబడి అక్కడ నిలిచెను. పుస్తకములు వ్రాసెను, అచ్చువేయించెను. అప్పు చేయు చెయ్యి ఒకటి, ఆ అప్పుతో ఇల్లు నడపు చెయ్యి మరియొకటి. ఆయన ధనాపేక్ష గలవాడు కాడు, సోమరి కాడు. ధనము విషయమున వివేకము చాలనివాడు.

1705వ సంవత్సరము ఆ కుటుంబమునకు కన్నీటి సంవత్సరము. ఆ యేడు ఎన్నికలలో సామ్యూల్ ఒక పక్షము వహించగా, ఎదుటి పక్షమువారు రాత్రివేళ ఆ యింటి చుట్టు చేరి డప్పులు కొట్టి తుపాకులు కాల్చి అల్లరి చేసిరి. సుసన్నా అప్పుడు బాలింత. పసిబిడ్డను దాది యొద్ద ఉంచిరి. నిద్రలేక అలసిన ఆ దాది గాఢనిద్రలో బిడ్డమీద ఒరుగగా ఆ శిశువు చనిపోయెను. కొలది వారములకే 30 పౌనులకు లోపు అప్పు కొరకు సామ్యూలును పట్టి లింకన్ కోటలోని చెరసాలలో వేసిరి. ఆయన సుమారు మూడు నెలలు అక్కడ నుండెను. ఇంటికి పాలిచ్చు ఆవులను శత్రువులు పొడిచిరి. సుసన్నా తన వ్రేళ్లనున్న ఉంగరములను తీసి చెరసాలకు పంపెను. ఆమెకు అమ్ముకొనుటకు అంతకంటె వేరొకటి లేకుండెను. భర్త వాటిని తిరిగి పంపివేసెను.

ఆ కాలమున సహాయము చేసిన యార్కు ప్రధానాధ్యక్షుడు షార్ప్ గారు ఆమెను చూచి, ఎన్నడైనను ఆహారమునకు లోటు కలిగెనా అని విచారించెను. ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పెను. రొట్టె పూర్తిగా లేకపోయిన దినము లేదు గాని, అది దొరకక మునుపు దానిని సంపాదించు చింతయు, తినిన తరువాత దాని వెల చెల్లించు చింతయు ఆ రొట్టెను చేదు చేసెనని ఆమె మాటల భావము. ఒక్క చేతి రాబడిమీద బ్రదుకు ప్రతి తల్లికి ఈ రుచి తెలియును. అంగడిలో ఖాతా వ్రాయించి బియ్యము తెచ్చుకొను ఇల్లాలికి, చెరకు కొట్టుటకు ముందుగానే అడ్వాన్సు తీసికొని ఖర్చుపెట్టుకొనిన కుటుంబములోని తల్లికి మేము దీనిని వివరింప నక్కర లేదు.

1709 ఫిబ్రవరి 9 రాత్రి వారి యిల్లు కాలిపోయెను. సుసన్నా నిండు గర్భిణి. మంటల గుండ నడిచి బయటపడెను. ఆరేండ్లు నిండని జాన్ పైగదిలో చిక్కుకొనగా, ఒకని భుజముల మీద మరియొకడు నిలిచి కిటికీ గుండ వానిని దింపిరి. ఇంటనున్నదంతయు బూడిదయ్యెను. బిడ్డలను తాత్కాలికముగా ఇతరుల ఇండ్లలో ఉంచవలసి వచ్చెను. తిరిగి వచ్చిన బిడ్డలు చెడుమాటలు, మోటుతనము నేర్చుకొని వచ్చిరి. తల్లి విసుగక మొదటినుండి ఆరంభించెను.

ఆమె పని ఎట్టిదో ఇప్పుడు చూతము. ఆ యింటిలో దినమునకు ఆరు గంటలు బడి నడచెడిది, ఉదయము మూడు గంటలు, మధ్యాహ్నము మూడు గంటలు. బిడ్డకు అయిదేండ్లు నిండిన మరునాడే అక్షరములు ఆరంభము. అక్షరములు వచ్చిన వెంటనే ఆదికాండము మొదటి అధ్యాయమే వారి వాచకము. చక్కగా చదువుట రాకమునుపు ఏ ఆడపిల్లను కుట్టుపనికి కూర్చుండబెట్టకూడదని ఆమె కట్టడ. మూడువందల యేండ్ల క్రిందటి మాట ఇది! తప్పు ఒప్పుకొనిన బిడ్డను కొట్టకూడదు. ఇచ్చిన మాట తప్పకూడదు. గుండుసూది విలువ గల వస్తువైనను తోబుట్టువుది అడుగక తీయకూడదు. ఇవియు ఆమె నియమములే. బెత్తమునకు భయపడి మెల్లగా ఏడ్చుట నేర్పుట కూడ ఆమె పద్ధతిలో నుండెను. అది ఆ కాలపు అలవాటు, మనము దానిని పట్టుకొనవలసినది కాదు.

అంతమంది బిడ్డలలో ఏ బిడ్డయు మరుగున పడకుండునట్లు వారములో ఒక్కొక్క సాయంకాలము ఒక్కొక్క బిడ్డకు ఏర్పరచెను. ఆ వేళ ఆ బిడ్డతో ఏకాంతముగా మాటలాడి ఆత్మ సంగతులు విచారించెడిది. జానునకు గురువారము, చార్లెసునకు శనివారము. జాన్ పెద్దవాడై ఆక్స్‌ఫర్డులో ఉపాధ్యాయుడైన తరువాత కూడ ఆ గురువారపు గంటను తలంచుకొని, ఆ వేళలో తన కొరకు ప్రార్థింపుమని తల్లికి వ్రాసెను. దీనికి ఖర్చు ఏమి? ఒక్క పైసా లేదు. గాని ఆమె తన విశ్రాంతిని ఇచ్చెను.

ఇక మన దేశమునకు సంబంధించిన సంగతి యొకటి. 1706లో జీగన్‌బాల్గ్, ప్లూచౌ అను ఇద్దరు బోధకులు డెన్మార్కు రాజు పంపగా తమిళ దేశమునందలి తరంగంబాడికి వచ్చిరి. వారి పని వృత్తాంతము ఇంగ్లీషులో అచ్చుకాగా, ఆ పుస్తకము ఎప్‌వర్త్ యింటిలో సుసన్నా చేతికి వచ్చెను. భర్త లండనులో నుండెను. దానిని చదివి ఆమె హృదయము మండెను. తాను పురుషుడను కాను, బోధకుడను కాను, అయినను నా యింటివారి కొరకు ఇంకను ఎక్కువ చేయగలను గదా అని తలంచెను. ఆదివారము సాయంకాలము వంటయింటిలో బిడ్డలకు, పనివారికి ప్రసంగము చదివి ప్రార్థన చేయుచుండగా పొరుగువారు రాసాగిరి. 1712 నాటికి సుమారు 200 మంది కూడిరి. ఉపగురువు ఓర్వలేక సామ్యూలునకు ఫిర్యాదు వ్రాసెను. భర్త మానుమని సూచించుచు వ్రాయగా ఆమె వినయముతోనే గాని ధైర్యముతో బదులు వ్రాసెను: ఇది తప్పని తోచిన యెడల ఊరక సలహా చెప్పక స్పష్టముగా ఆజ్ఞాపింపవలెను, అప్పుడు తీర్పు దినమున ఈ ఆత్మల విషయమై ఆ బాధ్యత తనమీద నుండదని ఆమె భావము. ఆయన అట్టి ఆజ్ఞ ఇయ్యలేదు.

చూడుడి, తరంగంబాడి నుండి ఒక నిప్పురవ్వ ఎప్‌వర్త్ వంటయింటికి పోయెను. ఆ వంటయింటిలో పెరిగిన జాన్, చార్లెసుల వలన లేచిన ఉజ్జీవము తిరిగి మన మెదకు పల్లెలకు వచ్చెను. దేవుడు వంటయింటిని చిన్నదిగా ఎంచలేదు.

అయినను ఈ చరిత్రను తియ్యగా మాత్రమే చెప్పుట సత్యము కాదు. కుమారుల చదువునకు ఎట్లో ధనము సమకూర్చిరి. కుమార్తెలు లేమిలో మిగిలిరి. పెద్ద కుమార్తె ఎమీలియా తమ ఇంటి కొరతను గూర్చి తరువాతి కాలమున చేదుగా వ్రాసెను. ఆమె బడి పెట్టుకొని పొట్ట పోసికొనవలసి వచ్చెను. హెట్టీ, మార్తాల వివాహములు దుఃఖమునకే దారి తీసెను. తల్లి ప్రార్థనాపరురాలైనంత మాత్రమున తండ్రి చేసిన అప్పుల బరువు బిడ్డల మీద పడకపోలేదు.

1735 ఏప్రిలు 25న సామ్యూల్ మరణించెను. ఆయనను పాతిపెట్టిన దినముననే 15 పౌనుల బాకీ కొరకు భూమి యజమానురాలు సుసన్నా పశువులను పట్టుకొనెను. ఆ యిల్లు గురువుగారి యిల్లు గనుక దానిని కూడ విడువవలసి వచ్చెను. నలువదియారేండ్లు పనిచేసిన తల్లికి తనదని చెప్పుకొనుటకు చూరు లేదు. ఎలీషా యొద్దకు వచ్చి మొఱపెట్టిన ప్రవక్త శిష్యుని భార్య జ్ఞాపకము రాలేదా? ఆమె భర్తయు దైవభక్తుడే. అయినను అప్పులవాడు గుమ్మములో నిలిచెను. ఎలీషా ఆమెను ఇంటిలో నీకేమి యున్నదని అడిగెను, పొరుగువారి పాత్రలను ఎరవు తెమ్మనెను. దేవుని అద్భుతములో పొరుగువారి పాత్రలకు కూడ పాలు కలదు.

సుసన్నా తన బిడ్డల యిండ్లలో కాలము గడిపి, చివరకు లండనులో జాన్ యొద్ద నివసించెను. 1742 జూలైలో ప్రభువు నొద్దకు వెళ్లెను. తాను విడుదల పొందిన వెంటనే దేవునికి స్తుతికీర్తన పాడవలెనని బిడ్డలను కోరెను. వారట్లే పాడిరి. బిడ్డల పెంపకమును గూర్చి ఆమె వ్రాసిన జాబును జాన్ తన దినచర్య గ్రంథములో అచ్చువేయించెను.

ప్రియులారా, దీనినిబట్టి మనమేమి చేయుదము? భర్తలారా, మీ రాబడి మీ ఒక్కరిది కాదు. అది ఇద్దరి పని వలన నిలుచు రాబడి. అప్పు చేయక మునుపు ఇల్లాలితో చెప్పుడి. ఎవరికెంత ఇయ్యవలెనో ఆమెకు తెలిసి యుండవలెను. పొలము కాగితములలోను బ్యాంకు పుస్తకములోను ఆమె పేరు చేర్పించుడి. తన యింటివారిని సంరక్షింపనివాడు విశ్వాసము విడిచినవానితో సమానుడని తిమోతి మొదటి పత్రిక అయిదవ అధ్యాయము నేర్పుచున్నది. మీరు లేని దినమును గూర్చి ఆలోచించుట కూడ ఆ సంరక్షణలోనిదే.

తల్లులారా, ఏమియు చేయుట లేదని ఇకమీదట చెప్పకుడి. వారమునకు ఒక గంట ఒక్కొక్క బిడ్డకు ఇయ్యుడి. చదువు రానివారు బిడ్డచేత వాక్యము చదివించుకొని వినుడి. సంఘస్థులారా, ఒక్క చేతి రాబడిగల ఇంటిలో ఆ చెయ్యి పడిపోయిన దినమున అప్పులవానికంటె ముందుగా మనము ఆ గుమ్మములో నిలువవలెను.

మేమును మా తప్పు దిద్దుకొంటిమి. సంఘపు పుస్తకము మరల తెరచి ఆ గీతలన్నిటిని కొట్టివేసి, ఒక్కొక్క తల్లి పేరు ప్రక్కన గృహనిర్వాహము, బిడ్డల పెంపకము అని వ్రాసితిమి. గడి చిన్నది గనుక అక్షరములు ఇరుకుగా పడినవి.

ప్రార్థన: తండ్రీ, కూలి లేకుండ పనిచేయు తల్లుల చేతులను నీవు చూచుచున్నావు. వారి పిండి తరుగకుండ, వారి నూనె అయిపోకుండ కాపాడుము. వారి పనిని ఎంచుటకు మా కన్నులు తెరువుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.