అంగిలి చీలికతో పుట్టాడు.. మత్తుమందు లేకుండానే ఆపరేషన్.. చివరికి మెడికల్ కాలేజీకే పునాది వేశాడు!

అంగిలి చీలి ఉంటే మాట ముక్కులోంచి వస్తుంది. చెప్పేది ఎదుటివాళ్లకు సరిగా అర్థం కాదు. అలా పుట్టిన కుర్రాడే పెద్దయ్యాక క్లాసులో నిలబడి అనాటమీ పాఠాలు చెప్పారంటే నమ్ముతారా? ఆయనే కెనడా వైద్యుడు జాన్ స్టీఫెన్‌సన్.

మాంట్రియల్‌కు చెందిన స్టీఫెన్‌సన్ డాక్టర్ చదువు కోసం స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో వెళ్లారు. అక్కడి నుంచి 1819లో పారిస్ చేరుకున్నారు. పేరున్న సర్జన్ ఫిలిబెర్ రూ ఆయన అంగిలి చూసి.. ఆ చీలికను కుట్టేందుకు సిద్ధమయ్యారు.

అప్పటికి మత్తుమందు లేదు. ఆపరేషన్లకు ఈథర్ వాడకం వెలుగులోకి వచ్చింది 1846లో. అంటే స్టీఫెన్‌సన్ మెలకువగా నోరు తెరుచుకునే ఉండాలి. గొంతు దగ్గర సూది తగులుతున్నా కదలకూడదు. రూ చీలిక అంచులను పలచగా కోసి, దగ్గరికి లాగి కుట్లు వేశారు. అవి అతుక్కున్నాయి. మాట స్పష్టమైంది!

1820లో ఎడిన్‌బరోలో డాక్టర్ పట్టా కోసం ఆయన ఎంచుకున్న అంశం కూడా ఇదే. తనకు జరిగిన ఆపరేషన్‌నే లాటిన్‌లో థీసిస్‌గా రాశారు. పేషెంట్ ఆయనే.. రాసిన డాక్టరూ ఆయనే!

తర్వాత సొంతూరు వెళ్లి, తోటి డాక్టర్లతో కలిసి 1823లో మాంట్రియల్ మెడికల్ ఇన్‌స్టిట్యూషన్ స్థాపించారు. మెక్‌గిల్ కాలేజీకి 1821లోనే చార్టర్ వచ్చినా క్లాసులు మాత్రం మొదలుకాలేదు. 1829లో స్టీఫెన్‌సన్ బృందం నడుపుతున్న ఈ సంస్థే మెక్‌గిల్‌కు తొలి ఫ్యాకల్టీ అయింది. 1842లో, యాభై ఏళ్లయినా నిండకుండానే ఆయన కన్నుమూశారు.

స్టీఫెన్‌సన్‌కు కుట్టింది అంగిలి వెనుకనున్న మెత్తటి భాగం. కొందరు పిల్లల్లో చీలిక పై చిగురు ఎముక దాకా ఉంటుంది. ఆ ఖాళీని కుట్లతో పూడ్చలేం. అందుకే ఇప్పుడు తుంటి ఎముక నుంచి కొంత తీసి అక్కడ నింపుతున్నారు. ఈ బోన్ గ్రాఫ్ట్‌ను సాధారణంగా 8 నుంచి 11 ఏళ్ల మధ్య, కోరపన్ను రాకముందే చేస్తారు. అప్పుడు ఆ పన్ను కొత్త ఎముకలోంచి దిగేందుకు వీలుంటుంది.

మన దగ్గర దీన్ని గ్రహణం మొర్రి అంటారు. కానీ గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. తల్లి చేసిన తప్పూ కాదు. పిల్లల్ని దాచిపెట్టకుండా సమయానికి డాక్టర్‌కు చూపించడమే ముఖ్యం. రెండు వందల ఏళ్ల క్రితమే ఆ కుర్రాడు మాట తెచ్చుకున్నాడు.. నేటి పిల్లలకు దారి అంతకన్నా ఎంతో సులువు.