బెడ్‌పాన్ల నుంచి పరీక్షనాళికల దాకా – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు



పదో తరగతి, ఇంటర్ అయిపోగానే మనలో చాలామంది ఎంచుకునే దారుల్లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఒకటి. తొందరగా ఉద్యోగం దొరుకుతుందని, ఇంటికి ఆసరా అవుతుందని ఆశ. కానీ రామన్నపేటలో చేరినా, నల్లగొండలో చేరినా, ల్యాబులో సహాయకుడి చేతికి మొదటి రోజే మైక్రోస్కోపు రాదు. మూత్రం డబ్బాలు, కఫం డబ్బాలు, కడగాల్సిన గాజు నాళికలు వస్తాయి. ఇన్నేళ్లు చదివింది ఇందుకేనా అని మనసు చిన్నబోతుంది. అలాంటి రోజు గుర్తు చేసుకోవడానికి పనికొచ్చే ఒక తెలుగువాని జీవితం ఇది.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరిలోని భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఇంట్లో డబ్బు ఇబ్బంది ఎప్పుడూ ఉండేది. చిన్నతనంలో ఒకసారి కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి సంపాదిద్దామని ఇల్లు విడిచి బయలుదేరితే, తల్లి వెనక్కి రప్పించి బడికి పంపింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసులో చదివి గట్టెక్కారు. పరీక్ష తప్పిన తమ్ముళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చదువు ఖర్చుకు మామగారు సాయం చేశారు. గాంధీజీ పిలుపు విని ఆపరేషన్ థియేటరుకు ఖద్దరు దుస్తులు వేసుకొని వెళ్లినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు దానికన్నా తక్కువైన ఎల్.ఎం.ఎస్. డిగ్రీ మాత్రమే చేతికొచ్చింది. ప్రభుత్వ వైద్య ఉద్యోగం దొరకలేదు. ఒక ఆయుర్వేద కళాశాలలో శరీర శాస్త్రం చెప్పారు. అంతకుముందే ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి కరిగిపోయే జబ్బు అది. అప్పటికి సరైన మందు లేదు. ఆ దుఃఖం ఆయన్ను పరిశోధన వైపు నడిపించింది.

1920ల మొదట్లో భార్య శేషగిరి గారిని ఇంటి దగ్గర వదిలి, అమెరికాలోని బోస్టన్ నగరానికి, హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు సాయం చేసినా చేతిలో డబ్బు అంతంతమాత్రమే. అక్కడ వైద్యం చేసే అనుమతి లేదు. అందుకని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట వార్డు పనికి కుదిరారు. రోగుల బెడ్‌పాన్లు, మూత్రపాత్రలు కడగడం ఆయన పని. రాత్రి ఆ పని, పగలు ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదువు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. అగ్రకులంలో పుట్టిన డాక్టరు బెడ్‌పాన్లు కడిగాడంటే లోకం గొప్పగా చెప్పుకుంటుంది. మన అమ్మలు, నాయనలు ఎంతోమంది ఆసుపత్రుల్లో అదే పని జీవితమంతా చేశారు, వాళ్ల గురించి ఎవరూ వ్యాసం రాయలేదు. సుబ్బారావు గారిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆయనకు తెల్లవారితే వెళ్లడానికి తరగతి గది ఉంది. మన పెద్దలకు అది లేదు. తేడా అక్కడుంది గానీ పనిలో లేదు. మనకు ఈ హాస్టల్ ఇచ్చింది ఆ తరగతి గదినే.

డిప్లొమా తర్వాత ఆయన జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కోసం ఇద్దరూ పనిచేశారు. నమూనాలోంచి ప్రోటీన్లను ముందు వేరుచేస్తారు. మిగిలిన ద్రవంలో అమ్మోనియం మాలిబ్డేట్, ఆ తర్వాత మరో రసాయనం కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. దాన్ని తెలిసిన ద్రావణం రంగుతో పోల్చి లెక్క కడతారు. 1925లో ప్రచురించిన ఈ ఫిస్కే–సుబ్బారావు పద్ధతిని జీవరసాయన శాస్త్రం చదివే విద్యార్థులు నేటికీ నేర్చుకుంటారు.

కండరాల రసాన్ని ఇదే పద్ధతిలో పరీక్షించినప్పుడు నీలిరంగు అనుకున్నంత త్వరగా రాలేదు. మరొకరైతే నాళిక సరిగ్గా కడగలేదనుకొని పారబోసేవారేమో. వీళ్లు ఎందుకని వెతికారు. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో కండరాల్లో ఏ.టి.పి.ని కూడా గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా దాన్ని కనుగొన్నారు. మన పాఠ్యపుస్తకంలో కణానికి శక్తినిచ్చే పదార్థమని చదువుకునేది దాన్నే. 1930లో ఆయనకు పిహెచ్.డి. వచ్చింది.

ఇంత చేసినా హార్వర్డ్‌లో స్థిరమైన పదవి ఆయనకు దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. అక్కడ ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకు అది మందయింది. గర్భిణులకు, బడిపిల్లలకు ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో ఉండే ఫోలిక్ ఆమ్లం ఇదే. 1947లో బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అనే మందు వచ్చింది. దాని రసాయన నామం డైఇథైల్ కార్బమజైన్. మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఇంటింటికీ తిరిగి మింగించిన డి.ఇ.సి. మాత్ర అదే. బోదకాలు క్రిములు రక్తంలోకి ఎక్కువగా రాత్రిపూటే వస్తాయి. అందుకే ల్యాబు సిబ్బంది రాత్రిళ్లు ఊళ్లలో తిరిగి వేలి నుంచి రక్తపు చుక్క తీసేవారు. ఆ చుక్కను సరిగ్గా పరీక్షిస్తేనే ఏ ఊళ్లో వ్యాధి ఉందో తెలిసేది.

పిల్లల రక్త క్యాన్సరుపై డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ప్రయోగించిన అమినోప్టెరిన్, ఇప్పటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ కూడా ఆయన నడిపించిన ప్రయోగశాలల నుంచే వచ్చాయి.

1948 ఆగస్టులో నిద్రలోనే, 53 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. దేశం విడిచి వెళ్లాక భార్యను మళ్లీ చూడనే లేదు. కొడుకు పసితనంలోనే పోయాడు. బతికుండగా పెద్ద బహుమతులేవీ రాలేదు. 1995లో శతజయంతికి భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

తమ్ముళ్లారా! ల్యాబులో మనం కడిగే నాళిక శుభ్రంగా లేకపోతే ఫలితం తప్పుతుంది. ఫలితం తప్పితే డాక్టరు రాసే మందు తప్పుతుంది. నష్టపోయేది మన ఊరి మనిషే. అందుకే ఆ పనిని చిన్నదనుకోవద్దు. అలాగని అక్కడే ఆగిపోవద్దు. డ్యూటీ అయ్యాక పుస్తకం తెరవండి. డిప్లొమా తర్వాత డిగ్రీ, డిగ్రీ తర్వాత పి.జి. చదవండి. రంగు ఎందుకు ఆలస్యంగా వచ్చిందని అడిగే అలవాటు చేసుకోండి. అదే ఆ మహానుభావునికి మనం ఇచ్చే నిజమైన నివాళి.