దోర్నకల్లు బిషప్పు అజరయ్యగారు

సంక్రాంతి వెనుక మన సంఘములలో కోతపండుగ జరుగునపుడు గుడిలో బల్ల ముంగిట ధాన్యపు బస్తాలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టిన కోళ్లు వచ్చి చేరుట మన విద్యార్థులందఱును చూచినదే. కడచిన సంవత్సరము ఆఱవ తరగతి బాలుడొకడు, కొల్లేటి లంకలలోనివాడు, నాయొద్దకు వచ్చి, తమ చేను నీట మునిగినది గావున తాను వట్టిచేతులతో గుడికి రావచ్చునా యని యడిగెను. తప్పక రావచ్చును, నీవంటివానికి కానుక నిర్బంధము లేదని చెప్పి పంపివేసితిని. జాలిచేత చెప్పిన మాటయే గాని, రాత్రి పరీక్ష కాగితములు దిద్దుచు మరల ఆలోచింపగా అది సరియైన యుత్తరము కాదని తోచినది. పేదవానికి ఇచ్చుపనినుండి సెలవిచ్చుట వాని గౌరవమును తగ్గించుటయే యని ముప్పది రెండేండ్లు మన దేశమున బోధించిన పెద్ద యొకరు కలరు. ఆయన చరిత్ర మీ సంచికకు వ్రాయుటకు ఆ బాలుని ప్రశ్నయే కారణము.

ఆయన పూర్ణనామము వేదనాయకము శామ్యూలు అజరయ్య. ఆంధ్రుడు కాడు. 1874 ఆగష్టు 17వ తేదీని తిరునెల్వేలి సీమలోని వెళ్లాళన్‌విళై యను చిన్న గ్రామమున జన్మించెను. తండ్రి థామస్ వేదనాయకముగారు ఆ గ్రామసంఘమునకు గురువు. తల్లి ఎల్లెనమ్మగారు. చిరకాలము ప్రార్థించి కన్న కుమారుడు గనుక శామ్యూలని పేరిడిరి. బాలునకు పదునైదేండ్లయిన నిండకమునుపే తండ్రి గతించెను. తల్లి కష్టించి పెంచి చదివించెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టపరీక్షకు చదువుచుండగా జబ్బుచేసి పరీక్షకు పోలేక, పట్టము లేకయే చదువు ముగించెను. పరీక్ష తప్పినవారు మా పాఠశాలలో ప్రతి యేడును కొందఱు కంటతడి పెట్టుట చూచుచుందును. వారికొఱకు ఈ సంగతిని దాచక చెప్పుచున్నాను. ఆ పట్టము లేని విద్యార్థికే 1920లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు గౌరవ డాక్టరు పట్టము నిచ్చిరి.

1895 మొదలు ఆయన యౌవనుల క్రైస్తవ సమాజమునకు కార్యదర్శిగా దక్షిణదేశమంతయు తిరిగెను. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడెను. ఆమె ఆ కాలమున కళాశాలలో చదివిన కొలదిమంది దక్షిణదేశపు క్రైస్తవ స్త్రీలలో నొకతె. తరువాతి కాలమున దోర్నకల్లులో స్త్రీల మధ్య జరిగిన పనిలో నామె పాలు చాల గొప్పది. 1902లో అజరయ్యగారు సింహళద్వీపమునందలి యాళ్పాణమునకు పోయి, అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత సొమ్ముతో మిషనరీలను పంపుచుండుట చూచెను. తిరునెల్వేలి సంఘములు నూఱేండ్లనాటివి. విశ్వాసులు వేలకొలది యున్నారు. అట్లుండియు నింతవరకు ఒక్కనినైనను పంపలేదే యని సిగ్గుపడి తిరిగివచ్చెను. మరుసటి సంవత్సరము, 1903 ఫిబ్రవరిలో, తిరునెల్వేలి ఇండియను మిషనరీ సంఘము పుట్టెను. దొరల సొమ్ము పుచ్చుకొనరాదనియు, దేశీయుల కానుకలతో దేశీయులే పనిచేయవలయుననియు దాని నియమము. వారేరుకొన్న పొలము నైజాము రాజ్యములోని దోర్నకల్లు ప్రాంతము. అచ్చట తెలుగు మాటలాడు నిరుపేదలుండిరి, గురువులు లేరు. 1905 క్రిస్మసు దినమున శ్రీరామపురమునందు జాతీయ మిషనరీ సంఘమును స్థాపించిన పెద్దలలోను ఆయనయే ముఖ్యుడు.

ఇతరులను పంపి తాను కార్యస్థానమున కూర్చుండుట ఆయన మనస్సునకు రుచింపలేదు. 1909లో కార్యదర్శి పదవి వదలి, గురువుగా అభిషేకము పొంది, ముప్పదియైదవ యేట దోర్నకల్లు చేరి తెలుగు ఓనమాలు దిద్దనారంభించెను. తమిళమును తెలుగును అక్కచెల్లెండ్రని మేము తరగతిలో చెప్పుట సులభమే గాని, ఆ యీడున పరభాష నేర్చి పల్లెటూరి కూలివారికి తెలియునట్లు బోధించుట ఎంత శ్రమయో ఉపాధ్యాయులకే యెఱుక.

1910లో స్కాట్లండు దేశమున ఎడింబరో పట్టణమునందు ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. అందు మాటలాడిన కొలదిమంది ప్రాచ్యులలో అజరయ్యగారొకరు. పాశ్చాత్య మిషనరీలు చేసిన త్యాగమును ఆయన మఱువలేదు, మెచ్చుకొనెను. అయితే వారు దేశీయులకు అన్నియు ఇచ్చుచున్నారు గాని సరిసమానమైన స్నేహము మాత్రము ఇచ్చుట లేదని, అదియే తమకు కావలసినదని, వినయముగానే అయినను దాపఱికము లేక చెప్పెను. సభలో కొందఱు నొచ్చుకొనిరి, కొందఱు తల వంచుకొనిరి. ఆ నాటి ఉపన్యాసములలో ఎన్నో మఱపునకు వచ్చినవి గాని, ఆ తమిళుని కొలది మాటలను నేటికిని క్రైస్తవసంఘ చరిత్రకారులు విడిచి వ్రాయరు.

అప్పటి మద్రాసు బిషప్పు వైట్‌హెడ్డు దొరగారు ఆయనను దోర్నకల్లునకు బిషప్పుగా చేయవలయునని పట్టుపట్టిరి. అభ్యంతరములు రెండు వైపులనుండియు వచ్చినవి. నల్లవాని చేతిక్రింద తెల్లవారు పనిచేయుటెట్లని కొందఱు దొరలు సంశయించిరి. అంతకంటె విచారకరమైన దేమనగా, ఆయన స్వస్థలమునందలి దేశీయ క్రైస్తవులలోనే కొందఱు కులభేదములను మనస్సులో నుంచుకొని ఎదిరించిరి. అయినను 1912 డిసెంబరు 29వ తేదీని కలకత్తాలోని పరిశుద్ధ పౌలుగారి మహాదేవాలయమునందు ఆయన అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమున బిషప్పయిన మొదటి భారతీయుడు ఆయనయే. 1945లో ఆయన మరణించువఱకు అధ్యక్షఖండమొకదానిని ఏలిన భారతీయుడు మఱియొకడు ఆ సంఘమున లేకుండెను. ఇది ఆయనకు గొప్పయే గాని, ముప్పదిరెండేండ్లలో రెండవవాని నియమింపని పెద్దలకు గొప్ప కాదు.

ఇక ఏలూరితో ఆయనకు గల సంబంధము. 1841లో నోబెలు దొరగారును ఫాక్సు దొరగారును బందరులో ప్రారంభించిన చర్చి మిషనరీ సొసైటీవారి పని 1854లో ఏలూరునకు వ్యాపించెను. ఈ కృష్ణా మండల సంఘములన్నియు 1920 ప్రాంతమున దోర్నకల్లు అధ్యక్షఖండమున చేరినవి. చిన్న ఖండమని మొదట నవ్వినవారు చూచుచుండగనే అది నైజాము గుట్టలనుండి కోస్తా మాగాణముల వఱకు పరచుకొనెను. 1941 నాటికి అందలి క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను. వారిలో అత్యధికులు మాలలు, మాదిగలు. ఒకరి భూమిలో కూలిచేయువారు, ఒకరి యప్పు క్రింద నలుగువారు.

కొల్లేటి పరిసరముల నెఱిగినవారికి ఇచ్చటి పల్లె గురువు పని వేఱుగ వర్ణింపనక్కఱలేదు. బుడమేరును తమ్మిలేరును తెచ్చు వఱదనీరంతయు సరస్సున నిండి, ఉప్పుటేటి మార్గమున సముద్రమునకు పోవువఱకు ఊళ్లు దీవులై యుండును. వానకాలమున బండి పోదు, దోనె కావలయును. అధ్యక్షఖండమున చాలభాగమున బండిబాటలైనను సరిగా లేని కాలమది. ఎద్దుబండి మీదను కాలినడకను పల్లె పల్లెకు పోయి, చెట్టు క్రిందనో తాటాకు పందిరిలోనో సంఘమును కూర్చుండబెట్టి పరీక్షించుట అజరయ్యగారి వాడుక. విశ్వాసప్రమాణమును, ప్రభువు ప్రార్థనను, పది ఆజ్ఞలను అక్షరజ్ఞానము లేని ముసలమ్మ సైతము అప్పగింపవలసినదే. మురికి, రోగము, ఋణము, త్రాగుడు అను నాలుగును పల్లెను పట్టిన నాలుగు దయ్యములని ఆయన భావించి, వానిని వెళ్లగొట్టుట బోధకుని పనిలో భాగమని నిర్ణయించెను. బాప్తిస్మము పొందినవారిచేత తమ చేతిని తమ తలమీదనే పెట్టించి, తాము పొందినదానిని ఇతరులకు చెప్పకుండుట తమకు తగదని పలికించెడివాడు. సంవత్సరమున కొక వారము సాక్ష్యవారమని యేర్పఱచి, గురువులే కాక కూలివారును గృహిణులును ఇరుగు పొరుగు గ్రామములకు పోవునట్లు చేసెను.

కానుకల విషయమున ఆయన పట్టుదల యింకను గొప్పది. పొయ్యిమీద ఎసరు పెట్టునపుడెల్ల ఇల్లాలు పిడికెడు బియ్యము వేఱుకుండలో వేయవలెను. పంట వచ్చినపుడు తొలిభాగము గుడికి రావలెను. పరదేశపు సొమ్ముతో నడచు సంఘము తన కాళ్లమీద నిలువజాలదని ఆయన వాదము. ఇంత పేదలను ఇట్లు పీడింపనేల యని అప్పటివారిలో ననుకొన్నవారు లేకపోలేదు. నేనును ఒకప్పుడట్లే తలచితిని. కాని పుచ్చుకొనుటకు మాత్రమే అలవాటుపడిన చేయి ఎప్పుడును క్రిందనే యుండునని ఆయన యెఱుగును. తరతరములుగా మిగిలినది తినుటకే పిలువబడినవారిని ఇచ్చువారి వరుసలో నిలుపుట ఆయన కోరిక. గుడిలో కోడిని పట్టుకొని నిలుచున్న మాదిగపల్లె స్త్రీ ఎవరికిని తీసిపోనిదై యుండుట మనము చూచుచున్నాము గదా. ఈ విషయమై ఆయన వ్రాసిన చిన్నపుస్తకము అనేక భాషలలోనికి పరివర్తనము చేయబడినది.

దేశకార్యములందును ఆయన అభిప్రాయములు స్పష్టమైనవి. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గము లుండరాదని వాదించెను. అట్టివి సంఘమును మఱియొక కులముగా మార్చివేయునని ఆయన భయము. మతాంతరము విషయమున గాంధీమహాత్మునకును ఆయనకును 1930 తరువాత తీవ్రమైన భేదాభిప్రాయము కలిగెను. ఆ వాదము నిచ్చట తెగవ్రాయుట నా పని కాదు.

దోర్నకల్లు మహాదేవాలయము 1939 జనవరి 6వ తేదీని ప్రతిష్ఠింపబడెను. గుమ్మటములు, మీనారులు, తామరపూల చెక్కడములు కలిగి, హిందూ మహమ్మదీయ శిల్పములు రెండును క్రైస్తవారాధనకు ఊడిగము చేయుచున్నట్లుండును. విహారయాత్రకు మన విద్యార్థులను ఆగ్రాకు గొనిపోవు పెద్దలు ఒకసారి మహబూబాబాదు జిల్లాకును గొనిపోయిన బాగుండును, ఖర్చును తక్కువ.

సంఘములన్నియు ఏకము కావలయునను ప్రయత్నము 1919లో తరంగంబాడిలో ఆరంభమైనపుడు అందు ముందు నిలిచినవాడు ఆయనయే. ఆ కార్యము ఇరువదియెనిమిదేండ్లు సాగెను. 1947 సెప్టెంబరు 27వ తేదీని మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ప్రారంభింపబడినది గాని, అది చూచుటకు ఆయన లేకుండెను. 1945 జనవరి 1వ తేదీని దోర్నకల్లులో పరమపదించెను. ఆయన సమాధి తాను కట్టించిన దేవాలయపు ఆవరణమునందే యున్నది. ఏలూరు ప్రాంత సంఘములు నేడు కృష్ణా గోదావరి అధ్యక్షఖండమున చేరియున్నవి.

ఆ లంక బాలుని మరునాడు పిలిచి, నిన్నటి నా మాట తప్పని చెప్పి, మీ యింట నేమున్నదని యడిగితిని. చేను పోయినను మావు లున్నవనెను. కోతపండుగనాడు తండ్రితో కూడ వచ్చి, మట్టికుండలో నీరుపోసి, ప్రాణముతో నున్న రెండు కొఱ్ఱమీనులను తెచ్చి గుమ్మడికాయల ప్రక్కన పెట్టెను. వేలములో వానికొఱకు ముగ్గురు పోటీపడిరి. కుండకు వేఱుగ పాట పాడిరి.

ఈ యేటి కోతపండుగకు పాటల అభ్యాసము శనివారము సాయంకాలము మొదలగును. అటుపిమ్మట శ్రమదినములు, మట్టల ఆదివారము వచ్చును. తాటియాకులు కోసి తెచ్చు పని ఎప్పటివలె తొమ్మిదవ తరగతివారిది. వేలము వ్రాయుటకు చక్కని దస్తూరి గల విద్యార్థులు ఇరువురు కావలయునని పాస్టరుగారు అడిగియున్నారు. ఇష్టము గలవారు నాకు తమ పేళ్లు ఇయ్యవలెను.