ఇమామ్ గజాలీ - సంశయము, విశ్వాసము

దేవుని గూర్చిన సంశయం నాస్తికుల సొత్తు అని, మతపండితుల మనస్సులో దానికి తావుండదని సామాన్యంగా భావిస్తారు. ఈ అభిప్రాయం ఎంత తొందరపాటుతో కూడినదో ఇమామ్ అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ జీవితం నిరూపిస్తుంది. హుజ్జతుల్ ఇస్లామ్, అనగా ఇస్లాముకు ప్రమాణం, అనే బిరుదు పొందిన ఈ మహనీయుడు సంశయమనే చీకటిలో నడచి వచ్చినవాడే.

గజాలీ క్రీ. శ. 1058లో ఈరాను దేశమందలి ఖురాసాన్ ప్రాంతంలో, తూస్ పట్టణాన జన్మించారు. తండ్రి ఉన్ని వడికి అమ్ముకొనే నిరుపేద అని, మరణించే ముందు తన ఇద్దరు కుమారులను ఒక సూఫీ మిత్రునికి అప్పగించాడని చరిత్రకారులు చెబుతారు. తండ్రి విడిచిన కొద్దిపాటి ధనం ఖర్చయిపోగా, అన్నవస్త్రాలు లభించే మదరసాలో చేరమని ఆ మిత్రుడు పిల్లలకు సలహా ఇచ్చాడట. ఆ విధంగా గజాలీని మతవిద్య వైపు మొదట నడిపించినది ఆకలి.

అనంతరం నైషాపూరులో ఇమాముల్ హరమైన్ జువైనీ వద్ద శిష్యరికం చేసి, ధర్మశాస్త్రంలోను, తర్కంలోను అసమాన పాండిత్యం గడించారు. 1085లో గురువు మరణించగా, సెల్జూక్ సామ్రాజ్య మంత్రి నిజాముల్ ముల్క్ వారిని ఆదరించాడు. 1091లో బగ్దాదులోని నిజామియా విద్యాలయంలో ప్రధానాచార్య పదవి లభించింది. మూడువందల మంది విద్యార్థులు వారి పాఠాలు వినేవారు. రాజులు, మంత్రులు గౌరవించేవారు. అప్పటికి వారి వయస్సు ముప్పది మూడు సంవత్సరాలు మాత్రమే.

కాని ఆ మేధావిని యౌవనారంభం నుండి ఒక ప్రశ్న వేధిస్తూ ఉండేది. క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగా, యూదుల పిల్లలు యూదులుగా, ముస్లిముల పిల్లలు ముస్లిములుగా పెరుగుతున్నారు. అట్లయితే తల్లిదండ్రుల నుండి సంక్రమించిన విశ్వాసం సత్యమని నిర్ణయించేది ఎట్లా? నిస్సంశయమైన జ్ఞానం కోసం వారు తమకు తెలిసిన ప్రతి విషయాన్నీ పరీక్షకు పెట్టారు. ఇంద్రియాలను నమ్ముదామంటే, కంటికి దీనారమంతగా కనిపించే నక్షత్రం భూమికంటె పెద్దదని గణితం చెబుతున్నది. బుద్ధిని నమ్ముదామంటే, స్వప్నంలో సత్యమనిపించినది మేల్కొనగానే మాయమవుతున్నది. ఈ జాగ్రదవస్థ కూడ మరొక స్వప్నం కాదని ఎవరు చెప్పగలరు? సుమారు రెండు మాసాలు వారు ఈ వ్యాధితో బాధపడ్డారు. తమను బయటపడవేసినది తర్కం కాదని, దైవం తమ హృదయంలో ప్రసరింపజేసిన కాంతి అని వారు తమ ఆత్మకథయైన అల్ మున్ఖిజ్ మినద్దలాల్ లో వివరించారు.

అంతటితో అన్వేషణ ముగియలేదు. మతతార్కికులను, తత్త్వవేత్తలను, బాతినీలను, సూఫీలను వరుసగా పరిశీలించారు. తత్త్వవేత్తలను విమర్శిస్తూ తహాఫుతుల్ ఫలాసిఫా రచించారు. సూఫీల గ్రంథాలు చదివిన పిమ్మట ఒక సత్యం బోధపడింది. ఆరోగ్యానికి నిర్వచనం తెలిసినంతమాత్రాన రోగి ఆరోగ్యవంతుడు కాజాలడు.

1095లో రెండవ సంక్షోభం వచ్చింది. ఈసారి సంశయం దైవం మీద కాదు, తమ మీదనే. తాము బోధిస్తున్నది దైవప్రీతి కోసమా, కీర్తి కోసమా అని ప్రశ్నించుకొన్నారు. కీర్తి కోసమే అని అంతరాత్మ చెప్పింది. పదవి విడువలేక, ఉండలేక సుమారు ఆరు మాసాలు నలిగిపోయారు. చివరకు నాలుక స్తంభించి పాఠం చెప్పలేకపోయారు. ఆహారం సహించలేదు. వైద్యులు ఆశ వదలుకొన్నారు. అప్పుడు కుటుంబ పోషణకు కావలసినది మాత్రం ఉంచి, తక్కిన ధనం పంచిపెట్టి, బగ్దాదు విడిచారు. డమాస్కస్ మసీదు మీనారులో తలుపు మూసుకొని ధ్యానం చేశారు. జెరూసలేము దర్శించి, హజ్ యాత్ర చేశారు. ఈ ఏకాంత సంవత్సరాలలోనే నలుబది భాగాల ఇహ్యా ఉలూమిద్దీన్ రూపొందింది. 1106లో నైషాపూరులో తిరిగి బోధనకు పూనుకొన్నారు. 1111లో స్వస్థలమైన తూస్ లో పరమపదించారు.

మానవుడు మతాన్ని ఎందుకు ఆశ్రయిస్తాడు? గజాలీ ఒక్కరి జీవితంలోనే మూడు సమాధానాలు ఉన్నవి. బాల్యంలో అన్నం కోసం, యౌవనంలో ప్రతిష్ఠ కోసం, చివరకు ఆత్మదాహం తీర్చుకొనుట కోసం. మొదటి రెండూ లోకంలో సర్వసాధారణం. మూడవదానికి వారు చెల్లించిన మూల్యం బగ్దాదు పీఠం.

వారి హృదయంలో వెలిగిన కాంతి ఇతరులకు ప్రమాణం కాజాలదని సంశయవాది అనవచ్చును. అది న్యాయమైన ఆక్షేపణయే. తత్త్వశాస్త్రంపై వారి విమర్శకు తరువాతి కాలంలో ఇబ్ను రుష్ద్ గట్టి సమాధానం వ్రాశాడు కూడ. అయినను గజాలీ సమాధానాన్ని అంగీకరించనివారు సైతం ఆయన ప్రశ్నలోని నిజాయితీని కాదనలేరు.

విద్యార్థులారా! మీ మనస్సులో సంశయం పుట్టినప్పుడు భయపడవలదు, దానిని చూచి గర్వించనూవలదు. చివరివరకు దానివెంట నడవండి. వారసత్వంగా వచ్చిన విశ్వాసం గాని, అరువు తెచ్చుకొన్న అవిశ్వాసం గాని, పరీక్షకు నిలువనిదే మీ సొంతం కాదు.