మాటలకు అర్థము చెప్పిన బడిపంతులు

ఎజ్రా ధర్మశాస్త్రమును చదువుచుండగా లేవీయులు జనుల మధ్య నిలిచి దాని భావమును తెలియజెప్పిన సంగతి నెహెమ్యా గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో కలదు. చదువుట ఒకటి, చదివినది గ్రహించుట మరియొకటి. ఈ రెంటి నడుమనున్న దూరమును తగ్గించుటకై బ్రతుకంతయు ధారపోసిన ఒక పంతులుగారి చరిత్రను ఈ నెల మేము వ్రాయదలచితిమి. ఆయన అమెరికా దేశస్థుడైన నోవా వెబ్‌స్టర్.

ఆయన 1758 అక్టోబరు 16న కనెక్టికట్ ప్రాంతమందలి వెస్ట్ హార్ట్‌ఫర్డ్‌లో ఒక రైతు ఇంట పుట్టెను. కుమారుని యేల్ కళాశాలలో చదివించుటకు తండ్రి తన పొలమును తాకట్టు పెట్టెను. బిడ్డల చదువు కొరకు పొలము కాగితములు షావుకారు చేతిలో పెట్టిన తండ్రులు మన సంఘములలోను ఉన్నారు గనుక వారికి ఈ సంగతి వివరింప నక్కరలేదు. 1778లో చదువు ముగించి ఇల్లు చేరిన కుమారుని చేతిలో తండ్రి ఎనిమిది డాలర్లు పెట్టి, ఇకమీదట తన దారి తానే చూచుకొనవలెనని చెప్పెను. అది యుద్ధకాలపు కాగితపు డబ్బు. దానిమీద వ్రాసియున్నంత విలువ దానికి లేదు.

లాయరు కావలెనని ఆయన ఆశ. పూట గడుచుటకు మాత్రము బడి చెప్పెను. ఆనాటి పల్లె బడి అనగా ఒకే గది, అన్ని వయస్సుల పిల్లలు, చాలీచాలని పుస్తకములు. ఉన్న పుస్తకములైనను ఇంగ్లండునుండి వచ్చినవే. పిల్లలు తామెన్నడును చూడని ఇంగ్లండు ఊళ్ల పేర్లు వల్లించుచుండిరి. తమ ఊరి ప్రక్కన పారు నది పేరు మాత్రము ఆ పుస్తకములో లేదు. యుద్ధము వలన ఆ పుస్తకములును రాక నిలిచిపోయెను.

వెబ్‌స్టర్ గోషెన్ అను ఊరిలో బడి చెప్పుచు తానే పుస్తకము కూర్చుటకు పూనుకొనెను. 1783లో మాటల కూర్పు నేర్పు పుస్తకమును, 1784లో వ్యాకరణమును, 1785లో పెద్ద పిల్లల కొరకు వాచకమును అచ్చువేయించెను. మాకు మిక్కిలి ముచ్చటగొలుపునది ఈ మూడవదియే. అప్పటికి అమెరికా సాహిత్యమని చెప్పుకొనుటకు ఏమున్నది? స్వాతంత్ర్యము ప్రకటించుకొని తొమ్మిదేండ్లే ఆయెను. అయినను ఆయన బార్లో, ఫ్రెనో వంటి తన కాలపు కవుల పద్యములను, నాయకుల ప్రసంగములను, యుద్ధ వృత్తాంతములను ఏరి పిల్లల ముందుంచెను. సాహిత్యము పండువరకు ఆగక, మొలకనే బడికి తెచ్చెనన్నమాట.

ఆయన గుణములన్నియు మెచ్చదగినవని మేము చెప్పము. గర్వి, తగవులమారి. ఇంగ్లీషు మాటల కూర్పును తన ఇష్టప్రకారము మార్చబోయి నవ్వులపాలయ్యెను. కొన్ని మార్పులు మాత్రము ఆ దేశములో నిలిచినవి.

1808లో న్యూహావెన్ పట్టణమున ఉజ్జీవము కలిగెను. భార్యయు కుమార్తెలును ముందుగా కదిలింపబడిరి. ఆ ఉద్రేకమును ఆయన మొదట అనుమానించెను. పిమ్మట తానును మోకాళ్లూని, తన నీతి చాలదని ఒప్పుకొనెను. అప్పుడాయనకు దాదాపు ఏబది యేండ్లు. అప్పటికే పెద్ద నిఘంటువు పని మొదలుపెట్టియుండెను. అటుపిమ్మట అనేకమైన మాటలకు పరిశుద్ధ గ్రంథమునుండి ఉదాహరణలు తీసి వ్రాసెను.

ఆ పని ఇరువది యేండ్లు పట్టెను. 1825 జనవరిలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో చివరి మాట యొద్దకు వచ్చునప్పటికి చెయ్యి వణకి కలము నిలువలేదట. కొంతసేపు గదిలో పచార్లు చేసి మనస్సు కుదుటపరచుకొనెను. 1828లో డెబ్బది వేల మాటలతో రెండు సంపుటములు వెలువడెను. వెల ఇరువది డాలర్లు. అంత వెల పెట్టి కొనగలవారెందరు? మరుముద్రణ కొరకు ముసలివాడు తన ఇంటిని తాకట్టు పెట్టవలసివచ్చెను, తండ్రి పొలమును పెట్టినట్లే. ఆ ముద్రణ 1841లో వచ్చెను. 1843 మే 28న ఆయన మరణించెను.

నిఘంటువు మేడలకు చేరగా, నీలి అట్టల చిన్న పుస్తకము మాత్రము కోట్ల ప్రతులుగా గుడిసెలలో దూరెను. బాల్టిమోరులో ఫ్రెడరిక్ అను బానిస బాలుడొకడు దానిని జేబులో దాచుకొని తిరిగెను. యజమానుడు చదువు వద్దని ఆజ్ఞాపించియుండెను. ఆ బాలుడు రొట్టెముక్కలిచ్చి వీధిలోని తెల్ల పిల్లలచేత పాఠము చెప్పించుకొనెను. ఆ పుస్తకములోని అక్షరములు చూచి వ్రాత నేర్చుకొనెను. వెబ్‌స్టర్ బానిసత్వమును ఖండించినవాడే గాని వృద్ధాప్యములో విమోచనవాదుల అలజడిని మెచ్చలేదు. ఆయన పుస్తకము ఆయన అనుమతి అడుగలేదు. ఆ బాలుడు 1838లో తప్పించుకొనిపోయి, ఫ్రెడరిక్ డగ్లస్ అను పేర 1845లో తన చరిత్ర వ్రాసెను. నేడు అమెరికా హైస్కూళ్లలో పిల్లలు ఆ చరిత్రనే తమ దేశ సాహిత్యముగా చదువుచున్నారు.