స్మృతినుండి సముద్రమును చిత్రించిన ఐవజోవ్‌స్కీ

కొండనైనను కోటనైనను చిత్రకారుడు ఎదుట గూర్చుండి, మరల మరల చూచి వ్రాయవచ్చును. కెరటము అట్లు నిలువదు. రెప్పపాటులో లేచి విరిగిపోవుదానిని చూచి వ్రాయుట యెట్లు? ఈ ప్రశ్నకు తన జీవితమునే సమాధానముగా నొసగినవాడు ఇవాన్ ఐవజోవ్‌స్కీ.

ఇతడు 1817లో నల్లసముద్ర తీరమున, క్రిమియాలోని ఫియోడోసియా పట్టణమున, ఆర్మీనియను కుటుంబమున జన్మించెను. తండ్రి వ్యాపారమున చితికిపోయిన వర్తకుడు. బాలుడు గోడలపై బొగ్గుతో బొమ్మలు వ్రాయుచుండగా పట్టణాధికారి చూచి చేరదీసెనని చెప్పుదురు. 1833లో సెయింటు పీటర్సుబర్గు కళాపరిషత్తున ప్రభుత్వ వ్యయముతో చేరి, 1837లో స్వర్ణపతకము నందెను. 1840లో పరిషత్తువారు ఇతనిని ఇటలీకి బంపిరి.

నేపిల్సు, సొరెంటో, వెనిసు తీరముల సంచరించుచు ఇతడు తన మార్గమును కనుగొనెను. ఒడ్డున నున్నపుడు తీరరేఖలను, ఓడల ఆకృతులను మాత్రమే పెన్సిలుతో గుర్తించుకొనును. నీటి కదలికను, వెలుగును, మేఘములను మనసున నిలుపుకొని, పిమ్మట చిత్రశాలలో స్మృతినుండి వ్రాయును. జ్ఞాపకశక్తి లేనివాడు ప్రకృతికి నకలు తీయగలడే కాని నిజమైన కళాకారుడు కాజాలడని ఇతని విశ్వాసము. బిస్కే అఖాతమున తుపానులో జిక్కి బ్రదికి బయటపడిన అనుభవము సయితము ఈ స్మృతిభాండారమున చేరెను.

1850లో వ్రాసిన “తొమ్మిదవ కెరటము” ఈ పద్ధతికి గొప్ప నిదర్శనము. ఓడ పగిలినది, విరిగిన కొయ్యను పట్టుకొని కొందరు ప్రాణములు నిలుపుకొనుచున్నారు. నావికులు మిక్కిలి భయంకరమని నమ్మెడి కెరటము మీదికి వచ్చుచున్నది. అయినను సూర్యోదయకాంతి నీటిని చీల్చుకొని వెలువడుచున్నది. భయమును, ఆశయు నొక్క పటమున నిమిడినవి.

1844లో ఇతడు రష్యా నౌకాదళమునకు చిత్రకారుడుగా నియమింపబడెను. రాజధానిలో సుఖముగా నుండగలిగియు, స్వగ్రామమునకు మరలి సముద్రపుటొడ్డున నిల్లు కట్టుకొనెను. 1880లో అచట చిత్రప్రదర్శనశాలను తెరచి, మరణానంతరము దానిని పట్టణమునకు జెందునట్లు వ్రాసియిచ్చెను. ఫియోడోసియా ప్రజలు త్రాగునీటికి అలమటించుచుండగా, తన సుబాషు జమీనులోని ఊటనుండి దినమునకు 50,000 బొక్కెనల నీరు దానమిచ్చెను. 1888లో గొట్టములగుండ ఆ నీరు పట్టణము చేరెను.

ఎనుబదియేండ్లు నిండినపిదప, 1898లో, “కెరటముల నడుమ” అను బృహత్పటమును వ్రాసెను. దానిలో ఓడ లేదు, మనుష్యుడు లేడు. సముద్రమును ఆకాశమును మాత్రమే కలవు. సుమారు 6,000 పటములు వ్రాసిన ఈ కుశలుడు 1900లో కన్నుమూయునాటికి మరియొక సముద్రచిత్రము అసంపూర్ణముగా నిలిచియుండెను.

దేశములు తిరిగి వచ్చువారు పెక్కుమంది కలరు. చూచినదానిని మరువక, దానిని కళగా మలచి, ఆ కళవలన గలిగిన కీర్తిని, ధనమును జన్మభూమికి సమర్పించువారు అరుదు. పుట్టిన పట్టణము ఇతనికి సముద్రమును జూపెను. ఇతడు ఆ పట్టణమునకు చిత్రములను, దాహము తీర్చు నీటిని ఒసగి ఋణము దీర్చుకొనెను. సంపన్నులును, కళావంతులును తలపోయదగిన చరిత్ర ఇది.