కమ్మరి కొడుకు – గోల్ఫ్ మేటి బెన్ హోగన్



ప్రత్యేక సంచిక కోసం ఒక ప్రముఖుని జీవితం గురించి వ్రాయవలసిందిగా మన కార్యదర్శిగారు కోరారు. గాంధీగారి గురించి, విశ్వేశ్వరయ్యగారి గురించి నాకంటే బాగా వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను అమెరికా గోల్ఫ్ ఆటగాడు బెన్ హోగన్‌ను ఎంచుకున్నాను. గోల్ఫ్ దొరల ఆట, పెన్షనర్లకు దానితో ఏమి పని అనుకోవద్దు. ఈయన దొరల బిడ్డ కాదు, కమ్మరి కొడుకు. పడి లేచిన మనిషి. ఆయన కథలో మన వయసువారికి పనికివచ్చే సంగతులు ఉన్నాయి.

మా అమ్మాయి కుటుంబం టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ దగ్గర ఉంటున్నది. రిటైరైన తరువాత నేను, మా ఆవిడ అక్కడ కొన్ని నెలలు గడిపాము. అప్పటికే నా కుడి భుజం పట్టేసి, చొక్కా తొడుక్కోవడం కూడా కష్టంగా ఉండేది. వ్యాయామాలతో కొంత నెమ్మదించాక, చేతికి కదలిక ఉండాలని డాక్టరుగారు చెప్పారు. మా అల్లుడు గోల్ఫ్ నేర్పే మైదానానికి తీసుకువెళ్ళాడు. హోగన్ పేరు మొదట విన్నది అక్కడే. ఆయన పెరిగిన ఫోర్ట్‌వర్త్ నగరం డాలస్ పక్కనే ఉన్నది.

హోగన్ 1912 ఆగస్టు 13న టెక్సాస్‌లోని స్టీఫెన్‌విల్‌లో పుట్టాడు. తండ్రి చెస్టర్ కమ్మరి. మోటారు కార్లు వచ్చి గుర్రపు నాడాల పని తగ్గిపోతున్న రోజులవి. 1922లో, బెన్‌కు తొమ్మిదేళ్ళ వయసులో, తండ్రి తుపాకితో కాల్చుకుని చనిపోయాడు. సంసారభారం తల్లిమీద పడింది. పిల్లవాడు ఫోర్ట్‌వర్త్ రైల్వే స్టేషనులో వార్తాపత్రికలు అమ్మాడు. తరువాత గ్లెన్ గార్డెన్ క్లబ్బుకు నడిచి వెళ్ళి, ఆడేవారి సంచులు మోసే కాడీ పనిలో చేరాడు. అదే క్లబ్బులో మోతపని చేసిన తోటి కుర్రవాడు బైరన్ నెల్సన్ కూడా తరువాత మహా ఆటగాడయ్యాడు. ఒకే క్లబ్బు కాడీలలో ఇద్దరు జగజ్జెట్టీలు పుట్టడం విశేషమే.

1930లో, పదిహేడేళ్ళకే, హోగన్ ఆటను వృత్తిగా తీసుకున్నాడు. కాని పదేళ్ళపాటు ఫలితం దక్కలేదు. చేతిలో డబ్బు అయిపోయి ఒకటికి రెండుసార్లు ఇంటిముఖం పట్టవలసి వచ్చింది. 1935లో వేలరీ ఫాక్స్‌ను వివాహం చేసుకున్నాడు. ఆ ఇల్లాలు చివరిదాకా ఆయనకు అండగా నిలబడింది. ఆయన బాధ అంతా ఒక్కటే. కొట్టిన బంతి కొంత దూరం పోయి ఒక్కసారిగా ఎడమకు వంగిపోయేది. దీనిని విరుచుకోవడానికి తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా, చేతులు బొబ్బలెక్కేదాకా సాధన చేశాడు. 1940లో నార్త్ అండ్ సౌత్ ఓపెన్‌లో తొలిసారి ఒంటరిగా గెలిచాడు. ఆ వెంటనే మరి రెండు పోటీలు గెలిచి అందరినీ ఆశ్చర్యపరిచాడు.

ఇక్కడ ఆయన ఆటలోని కీలకం కొంచెం వివరిస్తాను. హోగన్ భారీ మనిషి కాడు. ఎత్తు దాదాపు 5 అడుగుల 8 అంగుళాలు, బక్కపలచని శరీరం. అయినా బంతిని పెద్ద పెద్దవాళ్ళతో సమానంగా కొట్టేవాడు. దీనికి మూలం లాగ్ అనే గుణం. అంటే కర్ర తల చేతుల కంటే వెనుకబడి రావడం. కర్రను పైకి ఎత్తినప్పుడు మణికట్టు మడత పడి, ఎడమ ముంజేతికి కర్రకు మధ్య సుమారు లంబకోణం ఏర్పడుతుంది. కిందికి వచ్చేటప్పుడు ముందు నడుము తిరగాలి, తరువాత భుజాలు, ఆపైన చేతులు, అందరికంటే ఆఖరున కర్ర తల. బంతి దగ్గరకు వచ్చేసరికి ఆ మడత దానంతట అదే విచ్చుకుని, కూడిన వేగమంతా బంతిమీద పడుతుంది.

మన చాకిరేవు తలచుకుంటే ఇది ఇట్టే అర్థమవుతుంది. చాకలి తడిబట్టను ఎత్తి బండమీద బాదేటప్పుడు చూసే ఉంటారు. నడుము ముందుకు వంగుతుంది, చేయి కిందికి దిగుతుంది, బట్ట మాత్రం ఇంకా వీపు వెనుకే ఉంటుంది. ఆఖరు క్షణంలో అది వచ్చి బండమీద ఫెళ్ళున పడుతుంది. చేతిబలంతో బట్టను ముందుకు తోస్తే ఆ చప్పుడు రాదు. కమ్మరి సమ్మెట, బండివాని చెర్నాకోల కూడా ఇంతే.

ఈ లాగ్ కంటికి కనిపించేది కాదు, చేతికి తెలియాలి. కుడి చూపుడువేలి మొదట, ఎవరో వెనక్కి గుంజుతున్నట్టు, కర్ర తల బరువు తెలుస్తుంది. పైనుంచే బలంగా కొడదామని తొందరపడితే మడత ముందే విడిపోయి, ఆ బరువు మాయమవుతుంది. బిగపట్టి మడతను ఆపుదామన్నా కుదరదు. నాకు మా శిక్షకుడు కర్ర ఇవ్వకుండా ముందు ఒక తువ్వాలు చివర ముడివేసి ఊపమన్నాడు. నడుముతో మొదలుపెట్టినప్పుడు తువ్వాలు బిగుతుగా వెంట వచ్చింది. మూడు వారాలు తువ్వాలే ఊపాక కర్ర చేతికిచ్చారు. ఒకనాటి సాయంత్రం ఆ బరువు వేలికి తగిలింది. బంతి పోయింది నూరు గజాలే. కాని అరవై దాటిన ఒళ్ళు కొత్త విద్య నేర్చిందన్న సంతోషంతో ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఇక హోగన్ కథకు వస్తాను. లాగ్ ఎక్కువగా ఉన్నవాడికి బంతి ఎడమకు వంగే ప్రమాదమూ ఉంటుంది. ఎడమచేతి పట్టును కొంచెం ఎడమవైపుకు జరిపి, పైకెత్తినప్పుడు ఎడమ మణికట్టును కాస్త వెనక్కి వంచి, ఆయన ఆ రోగాన్ని కుదిర్చాడు. 1946లో పి.జి.ఎ. పోటీ, 1948లో మళ్ళీ అదే పోటీతో పాటు యు.ఎస్. ఓపెన్ గెలిచాడు.

అంతా బాగున్నదనుకున్నప్పుడు 1949 ఫిబ్రవరి 2 వచ్చింది. టెక్సాస్‌లో వాన్ హార్న్ అనే ఊరి దగ్గర, పొగమంచులో భార్యాభర్తలు కారులో వెళుతున్నారు. లారీని దాటబోయిన బస్సు ఎదురుగా వచ్చి గుద్దింది. భార్యను కాపాడడానికి హోగన్ ఆమెకు అడ్డంగా వాలాడు. ఆ వాలడమే ఆయన ప్రాణమూ నిలిపింది. స్టీరింగు గడ్డ ఆయన కూర్చున్న సీటులోకి దూసుకుపోయింది. కటి ఎముక, జత్రుక ఎముక, చీలమండ, పక్కటెముక విరిగాయి. తరువాత కాలి రక్తనాళాలలో గడ్డలు ఏర్పడి ప్రాణం మీదికి వచ్చింది. న్యూ ఆర్లియన్స్ నుంచి డాక్టర్ ఆల్టన్ ఆక్స్‌నర్ విమానంలో వచ్చి, గుండెకు రక్తం చేర్చే పెద్ద సిరను కట్టివేసి బ్రతికించారు. మళ్ళీ ఆడడం మాట అటుంచి, నడుస్తాడా అన్నదే సందేహమైంది.

ఇంటిలో గదిలోనే నడక మొదలుపెట్టాడు. తరువాత వీధి, ఆపైన మైదానం. పదకొండు నెలలకు లాస్ ఏంజలస్ పోటీలో దిగి, శామ్ స్నీడ్‌తో సమానంగా నిలిచి, విడిగా జరిగిన ఆటలో మాత్రం ఓడిపోయాడు. 1950 జూన్‌లో మెరియన్ మైదానంలో యు.ఎస్. ఓపెన్. చివరి రోజు 36 గుంటలు నడవాలి. కాళ్ళకు కట్లు చుట్టుకుని నడిచి ముగ్గురిలో ఒకడుగా సమానమయ్యాడు. మరునాడు మళ్ళీ 18 గుంటలు ఆడి 69తో గెలిచాడు. మిగిలిన ఇద్దరివి 73, 75.

1953లో మాస్టర్స్, యు.ఎస్. ఓపెన్, స్కాట్లాండ్‌లోని కార్నౌస్టీలో బ్రిటిష్ ఓపెన్, మూడూ ఒకే ఏడు గెలిచాడు. న్యూయార్క్ వీధులలో ఊరేగింపు జరిగింది. అదే ఏడు కర్రల తయారీ సంస్థ పెట్టి, మొదట తయారైనవి తన మనసుకు నచ్చలేదని పారవేయించాడు. ఆయన ఆట పాఠాలు 1957లో పుస్తకంగా వచ్చాయి. కిందికి వచ్చే ఊపు నడుముతో ప్రారంభం కావాలన్నది వాటి ముఖ్య బోధ. 1997 జూలై 25న, 84 ఏళ్ళ వయసులో, ఫోర్ట్‌వర్త్‌లోనే కన్నుమూశాడు. అక్కడి కలోనియల్ క్లబ్బులో ఆయన విగ్రహం ఉన్నది.

ఒక లెక్క మాత్రం మీ ముందుంచుతాను. ఆయన గెలిచిన మహా పోటీలు 9. వాటిలో ప్రమాదానికి ముందు 3, తరువాత 6. దెబ్బతిన్న కాళ్ళతో, మసకబారిన ఎడమకంటితో, వేడినీళ్ళలో కాళ్ళు నానబెట్టుకుని, కట్లు చుట్టుకుని ఆడినవే ఎక్కువ. బలం తగ్గాక ఆయనకు మిగిలినది వరుస తప్పని ఊపు ఒక్కటే, అది సరిపోయింది.

మనకు గోల్ఫ్ మైదానాలు అందుబాటులో ఉండకపోవచ్చు. తువ్వాలు మాత్రం ప్రతి ఇంటిలోనూ ఉన్నది. భుజం నొప్పి ఉన్న సోదరులు డాక్టరుగారిని అడిగి, తెల్లవారుజామున పెరటిలో మెల్లగా పది ఊపులు ఊపి చూడండి. తొందర వద్దు. ముందు నడుము, తరువాత చేయి, ఆఖరున బరువు.